వీడ్కోలు ప్రసంగము వినసొంపుగా నుండుట యెట్లు?

ప్రతి సంవత్సరము సంక్రాంతి సెలవులు గడచి పాఠశాల మరల తెరచిన కొలది దినములకు, పదవ తరగతి విద్యార్థులలో ఒకరిద్దరు మా యొద్దకు వచ్చి, "మాస్టారూ, వీడ్కోలు సభలో నన్ను మాట్లాడమన్నారు. ఏం మాట్లాడమంటారు?" అని అడుగుట వాడుక. వారి చేతిలో తరచుగా ఒక కాగిత ముండును. ఏనాడో ఒక అన్న చదివిన ప్రసంగమును దానిపై ఎక్కించుకొని వచ్చియుందురు. లేదా ఫోనులో దొరికినదానిని వ్రాసికొని వచ్చియుందురు. ఆ కాగితమును ఏ పాఠశాలలో ఎవరు చదివినను ఒక్కటే. పాఠశాల పేరు మార్చిన చాలును. అదియే దానియందలి పెద్ద దోషము.

ఈ సంవత్సరమును అట్టి ప్రశ్న వచ్చినందున, ఒక్కొక్కరికి వేరువేరుగ చెప్పుటకంటె పత్రికాముఖమున అందరికిని చెప్పుట మేలని తలచి యీ వ్యాసము వ్రాయుచున్నాము. తల్లిదండ్రులును దీనిని చదువవలెనని మా కోరిక. ఏలయనగా ఆ సభలో వినుటకు వచ్చువారిలో వారే ముఖ్యులు.

మొదట మా తప్పు మేము చెప్పుకొనవలెను. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విడిచి యుద్యోగమున ప్రవేశించిన తొలి దినములలో, వేరొక యూరి పాఠశాలలో, వీడ్కోలు ప్రసంగము సిద్ధపరచు పని మాకు అప్పగింపబడెను. మార్కులును కంఠమును రెండును బాగుగ గల యొక బాలుని ఎన్నుకొని, వానికి నాలుగు పుటల ప్రసంగము మేమే వ్రాసి యిచ్చితిమి. అందులో పాఠశాల కల్పవృక్షము, ఉపాధ్యాయులు జ్ఞానజ్యోతులు, విద్యార్థులు వికసించు పుష్పములు. ముగ్గురు మహనీయుల సూక్తులును చేర్చితిమి. బాలుడు పది దినములు రాత్రింబగళ్లు దానిని వల్లెవేసెను. సభనాడు రెండవ పుట నడుమ ఒక సమాసము వానికి జారిపోయెను. నోట మాట రాక నిలిచిపోయెను. మేము తెరచాటునుండి మాట అందించితిమి. వాడు దానిని పట్టుకొని, మిగిలినదంతయు ఒక్క గుక్కలో అప్పగించి దిగివచ్చెను. అందరును చప్పట్లు కొట్టిరి.

మమ్ము నేటికిని బాధించునది ఆ తడబాటు కాదు. సభ ముగిసిన పిమ్మట ఆ బాలుని తండ్రి మా యొద్దకు వచ్చెను. ఆయన తాపీపని చేయువాడు. ఆనాటి కూలి మానుకొని, ఉతికిన చొక్కా తొడుగుకొని వచ్చి, కడపటి వరుసలో కూర్చుండి వినెను. ఆయన రెండు చేతులు జోడించి, "మావోడు బాగా మాట్లాడాడండీ మాస్టారూ. ఇంతకీ ఏం చెప్పాడండీ?" అని యడిగెను.

అందులో ఎగతాళి లేదు. నిజముగా తెలిసికొనగోరియే యడిగెను. మేము బదులు చెప్పబోయి ఆగిపోతిమి. ఆ నాలుగు పుటలును వ్రాసినది మేమే. అయినను "మీ వాడు ఇది చెప్పెను" అని చూపుటకు అందులో ఒక్క సంగతియు లేదు. కన్నకొడుకు మొదటిసారి సభలో నిలువబడి మాటలాడినప్పుడు, ఆ మాటలకును ఆ తండ్రికిని నడుమ అడ్డుగోడ కట్టినవారము మేమే. గోడలు కట్టుట ఆయన వృత్తి. కాని ఆ గోడ కట్టినది మాత్రము మేము.

విద్యార్థులారా, ఆ తండ్రి ప్రశ్నయే వీడ్కోలు ప్రసంగమునకు గీటురాయి. మీ ప్రసంగము ముగిసిన పిమ్మట కడపటి వరుసలోని యొకరు ప్రక్కవారిని "ఏం చెప్పాడు?" అని యడిగినచో, ఆ ప్రక్కవారు ఒక్క వాక్యములో బదులు చెప్పగలిగిన యెడల మీ ప్రసంగము నిలిచినది. చెప్పలేకపోయిన యెడల, చప్పట్లు ఎన్ని మ్రోగినను, అది నిలువలేదు. ఇక చెప్పబోవునదంతయు ఈ యొక్క మాటకు వివరణమే.

వీడ్కోలు ప్రసంగములు రెండు విధములు. పంపువారు చెప్పునది ఒకటి. పోవువారు చెప్పునది ఒకటి. విశ్వవిద్యాలయములలో పట్టములిచ్చునాడు పెద్దలు చేయు స్నాతకోపన్యాసము మొదటి విధమునకు చేరినది. మన దేశమున నిది మిగుల ప్రాచీనమైనది. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లియందు, చదువు ముగించి పోవు శిష్యునికి గురువు చేసిన యుపదేశము కలదు. అందలి యాజ్ఞలు అనేకము రెండేసి మూడేసి పదములకు మించవు. సత్యము పలుకవలెననియు, తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని పూజ్యులుగా నెంచవలెననియు చెప్పి, తమ నడవడిలో మంచిగా నున్నదానినే యనుసరింపుమనియు, తక్కినదానిని అనుసరింపవలదనియు గురువు శిష్యునితో చెప్పుచున్నాడు. తనయందును విడువదగినది కలదని యొప్పుకొనిన ఆ యొక్క మాటవలన తక్కిన యుపదేశమంతయు మనసున కెక్కుచున్నది.

రెండవ విధము, పోవువారు చెప్పునది. అమెరికా దేశపు పాఠశాలలలో సాధారణముగా తరగతిలో మొదటివాడుగా నిలిచిన విద్యార్థి ఈ ప్రసంగము చేయును. అట్టివానిని వాలెడిక్టోరియన్ అందురు. వీడ్కోలు చెప్పుట అను నర్థముగల లాటిను మాటనుండి ఆ పేరు వచ్చినది. పట్టములిచ్చు దినమునకు మాత్రము వారు కమెన్స్‌మెంట్, అనగా ఆరంభము, అని పేరు పెట్టిరి. ముగింపునాటికి ఆరంభమను పేరుండుట ఆలోచింపదగిన విషయము.

పోవువారి ప్రసంగమునకు మనమందర మెరిగిన గొప్ప మాదిరి బైబిలులోనే యున్నది. అపొస్తలుల కార్యముల ఇరువదియవ అధ్యాయములో పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను మిలేతునకు పిలిపించి సెలవు తీసికొనుచున్నాడు. ఆయన మహాపండితుడు, అయినను అచ్చట పాండిత్యమును చూపలేదు. తాను వారి నడుమ ఎట్లు నడచుకొనెనో వారికే తెలియునని మొదలుపెట్టెను. మూడు సంవత్సరములు కన్నీటితో బుద్ధి చెప్పిన సంగతిని జ్ఞాపకము చేసెను. తన యక్కరలకును తనతో నున్నవారి యక్కరలకును తన చేతులే కష్టపడినవని చెప్పెను. ఆ చేతులను వారు చూచియున్నారు. కావున ఆ మాటకు వేరు సాక్ష్యము కావలసిన పని లేదు. ప్రసంగము ముగియగానే అందరును మోకాళ్లూని ప్రార్థన చేసిరి. వారు ఆయన మెడమీద పడి యేడ్చిరి, ఓడవరకు సాగనంపిరి. ప్రసంగములోని మాటలు చెప్పువాని జీవితమునకును వినువారి జ్ఞాపకమునకును ఉమ్మడిగా చెందినవైనప్పుడు ఇట్లుండును.

కావున మొదటి సూత్రమిది: వినువారును మీరును కలిసి చూచిన యొక్క వస్తువునో, యొక్క సంఘటననో పట్టుకొనుడు. మన ప్రభువు పల్లెజనులకు బోధించునప్పుడు విత్తనమును, పులిసిన పిండిని, వలను, పోయిన నాణెమును చూపెను. విన్నవారు మరునాడు విత్తనము చల్లునప్పుడు ఆ బోధ మరల జ్ఞాపకమునకు వచ్చియుండును. "పాఠశాల మాకు ఎన్నో నేర్పినది" అను వాక్యమును విని ఎవరును ఏమియు జ్ఞాపకము తెచ్చుకొనరు. "వర్షము వచ్చినప్పుడు తొమ్మిదవ తరగతి కప్పు ఎక్కడ కురియునో మా కందరికిని తెలియును, ఆ చోటినుండి బల్లను జరుపుటలోనే మాకు స్నేహము కుదిరినది" అని చెప్పి చూడుడు. సభలో సగముమంది చిరునవ్వు నవ్వుదురు. వారికి ఆ చోటు కనబడినది.

ఇటీవలి కాలపు స్నాతకోపన్యాసములలో లోకమంతట ప్రసిద్ధి కెక్కినదొకటి చూడుడు. ఆపిల్ సంస్థను స్థాపించినవారిలో నొకరైన స్టీవ్ జాబ్స్ 2005 వ సంవత్సరము జూన్ 12 వ తేదీన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మాటలాడిరి. తాము కళాశాలలో చదువు ముగింపనే లేదని మొదటనే యొప్పుకొనిరి. మూడు కథలు మాత్రమే చెప్పెదననిరి; మూడే చెప్పిరి. మొదటిది రీడ్ కళాశాల విడిచిన కథ. గది లేక స్నేహితుల గదులలో నేలపై పండుకొనుట, ఖాళీ సీసాలు తిరిగి యిచ్చి అయిదేసి సెంట్లు సంపాదించుట, ఆదివారము రాత్రి హరేకృష్ణ మందిరమున దొరకు ఒక్క మంచి భోజనమునకై యేడు మైళ్లు నడచుట, ఇవన్నియు అందులో కలవు. ఆ దినములలో సరదాకు నేర్చిన అందమైన చేతివ్రాత విద్య పది సంవత్సరముల పిమ్మట మాకింటాష్ కంప్యూటరులోని అక్షరములకు పనికివచ్చినదని చెప్పిరి. రెండవది తాము స్థాపించిన సంస్థనుండియే తాము వెళ్లగొట్టబడిన కథ. మూడవది క్యాన్సరు వ్యాధి వలన మరణమును దగ్గరగా చూచిన కథ. అంతయు దాదాపు పదునైదు నిమిషములు.

ధనికులును ప్రసిద్ధులును అగువారు ఇట్టి సభలలో ఏటేట అనేకులు మాటలాడుచునే యున్నారు. వారి మాటలలో అధికభాగము ఆ సాయంకాలమునకే మరపునకు వచ్చుచున్నది. ఇది యేల నిలిచినది? మన తాపీమేస్త్రి ప్రశ్నకు ఇందులో బదులున్నది. "ఏం చెప్పాడు?" అని యడిగినచో, "చదువు విడిచిన సంగతి, పని పోయిన సంగతి, చావును చూచిన సంగతి చెప్పాడు" అని యెవరైనను చెప్పగలరు. నేలపై పండుకొనినవారికిని, భోజనమునకై దూరము నడచినవారికిని ఆ దేశము తెలియకపోయినను ఆ కథ తెలియును.

వస్తువు చిన్నదైన కొలదియు మేలు. 2014 వ సంవత్సరము మే నెలలో అమెరికా నౌకాసేనానియగు విలియం మెక్రేవన్ టెక్సాసు విశ్వవిద్యాలయమున మాటలాడుచు, తాము సైనిక శిక్షణలో నేర్చిన పది పాఠములు చెప్పిరి. అందు మొదటిది, ఉదయమున లేవగానే పక్కను చక్కగా సర్దుకొనుట. దినములో మొదటి పని నెరవేరినచో రెండవదానికి ధైర్యము వచ్చుననియు, దినమంతయు చెడిపోయినను సాయంకాలము చక్కగా సర్దిన పక్క మనకై కనిపెట్టుకొని యుండుననియు వారి భావము. ఆ ప్రసంగములో జనులు మిక్కిలిగా జ్ఞాపకముంచుకొనినది ఆ పక్కనే. మన హాస్టలు బాలురకును బాలికలకును ఇంతకంటె దగ్గరి వస్తువేది?

రెండవ సూత్రము: మీ కష్టమును దాచకుడు. మార్కులు, బహుమతులు, పతకములు సభవారికి ముందే తెలియును. వానిని మరల చెప్పినచో వినువారు దూరమగుదురు. హారీ పోటర్ కథలు వ్రాసిన జె. కె. రౌలింగ్ 2008 వ సంవత్సరము జూన్ 5 వ తేదీన హార్వర్డ్ విశ్వవిద్యాలయమున మాటలాడినప్పుడు, తమ విజయమును ప్రక్కనుంచి, ఓటమివలని లాభమును గూర్చి చెప్పిరి. చదువు ముగిసిన ఏడు సంవత్సరములకు తాము ఉద్యోగము లేక, పేదరికములో, ఒంటరిగా బిడ్డను పెంచుకొనుచుంటిమని వివరించిరి. జయమెరిగిన విద్యార్థులకు జయమును గూర్చి చెప్పుటలో విశేషమేమున్నది? ఓడినవారు మరల ఎట్లు లేచిరో తెలిసికొనవలెననియే అందరికిని లోలోపల కోరిక. మీలో అర్ధసంవత్సర పరీక్షలో గణితము తప్పినవా డున్నయెడల, ఆ తప్పిన కాగితమును ఇంటిలో నెక్కడ దాచెనో, ఎవరు కనుగొనిరో, తరువాత నేమి జరిగెనో చెప్పినచో సభ యంతయు చెవి యొగ్గును.

అయితే ఇచ్చట నొక హెచ్చరిక. మీ కష్టమును చెప్పుటకు మీకు అధికారము కలదు; ఇతరుల కష్టమును చెప్పుటకు లేదు. స్నేహితుని బీదతనమును, ఒక బాలిక కుటుంబపు కలతను, ఒక యుపాధ్యాయుని నడకను, మాటతీరును సభలో పెట్టి నవ్వించుట పాపము. తరగతి గదిలో ముద్దుగా నుండిన మారుపేరు, తల్లిదండ్రుల యెదుట మైకులో పలికినప్పుడు ముల్లై గ్రుచ్చుకొనును. నవ్వు పుట్టింపవలెనన్న యెడల మిమ్ము జూచియే నవ్వునట్లు చేయుడు. ఇతరుల సంగతి తప్పక చెప్పవలసి వచ్చినచో, ముందుగా వారి సెలవు తీసికొనుడు.

మూడవ సూత్రము భాషను గూర్చినది. ఈ వ్యాసము వ్రాతభాషలో నున్నది. దీనిని మీరు నిదానముగ చదువవచ్చును, తెలియనిచోట మరల వెనుకకు పోవచ్చును. సభలో వినువారికి ఆ వసతి లేదు. జారిపోయిన మాట జారిపోయినట్లే. కావున ప్రసంగము నోటిభాషలో నుండవలెను. గిడుగు రామమూర్తి పంతులుగారు, 1863 నుండి 1940 వరకు జీవించినవారు, జనుల నోట నున్న తెలుగునకు చదువులలో చోటు కావలెనని తమ జీవితకాలములో అధికభాగము పోరాడిరి. వారు కొండలలోని సవరల భాషను సవరల యొద్దనే నేర్చుకొని, వారి బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. వారి జన్మదినమగు ఆగస్టు 29 నేడు తెలుగు భాషా దినముగా జరుపబడుచున్నది. ఆనాడు వారి పటమునకు దండవేసి, వీడ్కోలునాడు కన్నతల్లికి తెలియని మాటలు పలుకుట న్యాయమగునా?

ఆంగ్లమును గూర్చియు ఒక మాట. ఆంగ్లము చదువుకొనుట మంచిది. ఆ భాషలో మాటలాడు పోటీలును మనకు వేరుగ నున్నవి. కాని వీడ్కోలునాడు, తల్లిదండ్రులు ఎదుట కూర్చున్నప్పుడు, వారికి రాని భాషలో కృతజ్ఞత చెప్పినచో ఆ కృతజ్ఞత ఎవరికి చేరును? 1916 వ సంవత్సరము ఫిబ్రవరిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయపు ప్రారంభోత్సవ సభలలో మాటలాడుచు గాంధిగారు, స్వదేశీయులతో పరభాషలో మాటలాడవలసి వచ్చినందుకు తాము సిగ్గుపడుచున్నామని చెప్పిరి. ముందటి సాయంకాలము తాము నడచిన విశ్వనాథుని యాలయపు సందులలోని మురికిని గూర్చియు ఆ సభలోనే ప్రస్తావించిరి. ఎదుటనున్నవారు సంస్థానాధీశులు, విద్వాంసులు. అయినను ఆయన పట్టుకొనినది అందరును కాలితో త్రొక్కిన సందునే.

నాలుగవ సూత్రము క్లుప్తత. 1863 వ సంవత్సరము నవంబరు 19 వ తేదీన అమెరికాలో గెటిస్బర్గు యుద్ధభూమియందు మృతవీరుల శ్మశానమును ప్రతిష్ఠించు సభలో ఎడ్వర్డ్ ఎవరెట్ అను ప్రసిద్ధ వక్త రెండు గంటలు మాటలాడిరి. తరువాత లేచిన అబ్రహాము లింకను దాదాపు 270 మాటలు చెప్పి, రెండు మూడు నిమిషములలో కూర్చుండిరి. నేడు లోకము చదువుకొనుచున్నది లింకను మాటలనే. ఎవరెట్ చెడ్డ వక్త కాడు. తన సుదీర్ఘోపన్యాసము కంటె లింకను కొద్ది మాటలు సందర్భపు సారమును పట్టినవని ఆయనయే మరునాడు లింకనునకు వ్రాసెను. మన సభలో ఒక విద్యార్థికి అయిదు నిమిషములు చాలును. ఇంటిలో గడియారము ముందుంచుకొని బిగ్గరగ చదువుడు. ఏడు నిమిషములు పట్టినయెడల, మీకు మిక్కిలి అందముగ తోచిన వాక్యమునే మొదట కొట్టివేయుడు. మా యనుభవములో, పని లేనిది సాధారణముగా అదియే.

ఇక కృతజ్ఞత చెప్పు తీరు. కరెస్పాండెంటుగారు మొదలు అందరి పేర్లును వరుసగా చదివినచో అది హాజరుపట్టీ యగును గాని కృతజ్ఞత కాదు. వారి పేర్లను సభాధ్యక్షులు ఎటులైనను చెప్పుదురు. మీరు ఒక్కరినో యిద్దరినో తీసికొని, వారు చేసిన యొక పనిని చెప్పుడు. "ఇంగ్లీషు టీచరుగారికి కృతజ్ఞతలు" అనుటకంటె, "మా టీచరమ్మగారు నా కాంపోజిషను పుస్తకములో తప్పుల క్రింద ఎఱ్ఱగీత గీచి, చివర 'పోయినసారి కంటె మూడు తక్కువ' అని వ్రాసిరి, ఆ మూడును లెక్కపెట్టినవా రొకరున్నారని ఆ దినము తెలిసినది" అనుట మేలు. హాజరుపట్టీలో పేరు లేని వారిని మరువకుడు: గంట కొట్టువారు, మధ్యాహ్నభోజనము వండు అమ్మలు, గేటు తెరచు తాత, గదులు ఊడ్చు ఆయమ్మ. వారికి సభలో కుర్చీ యుండదు; గోడప్రక్కన నిలువబడి విందురు. మీ మాట వారిదాక పోవలెను.

ముగింపులో బుద్ధులు చెప్పకుడు. పదునైదేండ్ల బాలుడు తొమ్మిదవ తరగతివారికి "క్రమశిక్షణతో మెలగుడు" అని చెప్పినచో వారు ప్రక్కచూపులు చూతురు. అంతకంటె వారి చేతికి ఒక పనిని అప్పగించి పొండు. "మేము నాటిన వేపమొక్కకు వేసవిలో నీళ్లు పోయండి" అని చెప్పిన యొక బాలుని మాటవలన ఆ మొక్క నేడు మనుష్యుని యెత్తు పెరిగియున్నది. ఇదియే ఆరంభమను మాటకు అర్థము: పోవువాడు పోవుచు ఒక పనిని బ్రదికించి పోవుట.

అభ్యాసమును గూర్చి కొలది మాటలు. ప్రసంగమంతయు వల్లెవేయకుడు, మా బాలునికి జరిగినది మీకు జరుగరాదు. మొదటి రెండు వాక్యములును కడపటి రెండు వాక్యములును మాత్రము నోటికి రావలెను. నడుమనున్న సంగతులను చిన్న కాగితముపై నాలుగు మాటలుగ వ్రాసికొనుడు. ముందునాడు ఖాళీగా నున్న హాలులో ఒక స్నేహితుని కడపటి వరుసలో కూర్చుండబెట్టి మాటలాడి చూడుడు. మైకు నోటికి జానెడు దూరమున నుండవలెను. దానిని తట్టుటయు ఊదుటయు కూడదు. సభలో మాట మరచినచో కంగారుపడక, "మరచిపోయాను, ఒక్క నిమిషం" అని చిరునవ్వుతో కాగితము చూచుకొనుడు. అందుకై ఎవరును మిమ్ము తక్కువగా నెంచరు. పైగా మీపక్షమున నుందురు.

ఇన్ని సూత్రములు చెప్పితిమి గాని, వానిని మేము ఒక బాలిక యొద్ద నేర్చుకొంటిమని చెప్పుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట ఆమె వీడ్కోలు సభలో నాలుగు నిమిషములు మాటలాడెను. ఆ ప్రసంగములో మా చేయి లేదు. ఆమె చేతిలో కాగితము లేదు. ఒక పాత నోటుపుస్తక ముండెను. దానిని పైకెత్తి చూపి, "ఇది నా ఎనిమిదో తరగతి సైన్సు నోట్సు. కానీ ఇందులో ఉన్న రాత నాది కాదు" అని మొదలుపెట్టెను.

హాలు నిశ్శబ్దమాయెను. ఆ సంవత్సరము మిరపకోతల కాలమున ఇంటిలో అప్పు తీరక ఆమె తల్లితో కోతకు పోయెను. మూడు వారములు బడికి రాలేదు. తిరిగివచ్చుసరికి మిరపకాయల ఘాటునకు వ్రేళ్లు మండి కలము పట్టుకొనలేకపోయెను. ఇక బడి మానుకొందునని మనసులో నిశ్చయించుకొనెను, ఎవరితోను చెప్పలేదు. అప్పుడు తన బల్లపై ప్రక్కన కూర్చుండు బాలిక, తప్పిన పాఠములన్నియు తాను రెండుసార్లు వ్రాయుచు, ఒకసారి తన పుస్తకములోను, మరియొకసారి ఈమె పుస్తకములోను, నెల దినములు వ్రాసిపెట్టెను. ఆ కథ చెప్పి ఆమె, "నేను మానేద్దామనుకున్నానని దానికి ఇవాళే తెలుస్తుంది. ఒసే, నీ రాత నా కంటే బాగుంటుందే" అనెను. మూడవ వరుసలో నొక బాలిక ముఖమును చేతులతో కప్పుకొనెను. ప్రసంగి మరేమియు చెప్పక, సభకు నమస్కరించి దిగిపోయెను.

ఆమె తల్లి యానాడు కడపటి వరుసలోనే యుండెను. ఆ కోతలు ఆమెవి. ఆ అప్పు ఆమెది. కాని తన కూతురు చదువు మానుకొనుటకు ఎంత దగ్గరగా వచ్చెనో ఆమెకును ఆ దినమే తెలిసినది. సభ ముగిసి అందరును పోవుచుండగా గేటు నొద్ద ఆమెను ఒక స్త్రీ, ఆలస్యముగా వచ్చినది కాబోలు, "మీ అమ్మాయి ఏం చెప్పిందంట?" అని యడుగుట మేము వింటిమి. అన్ని సంవత్సరముల పిమ్మట అదే ప్రశ్న. ఆమె కన్నులు తుడుచుకొని, ఆ ప్రక్కబల్ల బాలిక భుజముమీద చేయి వేసి, "ఈ పిల్ల నోట్సు రాసిపెట్టబట్టి మా పిల్ల చదువు నిలబడిందని చెప్పిందమ్మా" అనెను.

ఒక్క వాక్యము. ఆ మాట విన్నప్పుడు మాకు ఆ తాపీమేస్త్రి జ్ఞాపకమునకు వచ్చెను. ఆయనకు మేము బదులు బాకీపడియున్నాము. ఆ బాకీని ఆయనకు తీర్చు నవకాశము మాకు దొరకలేదు. మీ ద్వారా ఇతర తండ్రులకు తీర్చవలెనని కోరుచున్నాము.

ఈ సంవత్సరము సభలో నిలువబడబోవు విద్యార్థులారా, ఆ కాగితమును ప్రక్కన బెట్టుడు. ఒక సాయంకాలము ఒంటరిగ కూర్చుండి, ఈ పాఠశాలలో మీరు చూచినది, మీకు జరిగినది, మీ కెవరో చేసినది ఒకటి జ్ఞాపకము తెచ్చుకొనుడు. దానిని మీ యింటిలో అమ్మతో చెప్పునట్లు చెప్పుడు. తల్లిదండ్రులారా, ఆనాడు వీలుచేసికొని రండు. కూర్చున్న చోటు కడపటి వరుసయైనను చింతింపకుడు. మీ బిడ్డ మాటలు అచ్చటికి చేరునట్లు చూచుట మా పని. దేవుడు మీ బిడ్డల నోటి మాటలను, వారి ముందున్న మార్గమును దీవించును గాక.